రన్‌టైమ్ పీఎం డెడ్‌లాక్: లాక్‌డెప్ నోరు మెదపదు, డ్రైవర్ మాత్రం బిగుసుకుపోతుంది

కర్నూలు_కెర్నల్

అందరికీ నమస్కారం. ఐ2సీ బస్సు (చిన్న చిప్‌లను కలిపే రెండు తీగల లైన్) మీద ఉండే ఒక సెన్సర్ హబ్‌కు డ్రైవర్ రాస్తున్నాను. ఆర్మ్64 బోర్డు, 6.6 ఎల్‌టీఎస్ కెర్నల్. వాడకం లేనప్పుడు డివైస్‌ని పడుకోబెట్టే రన్‌టైమ్ పీఎం (పవర్ మేనేజ్‌మెంట్) పెట్టాను, ఆటోసస్పెండ్ డిలే, అంటే చివరి వాడకం తర్వాత పడుకోబెట్టేముందు ఆగే సమయం, 200 మిల్లీసెకన్లు. యాప్ ఆపకుండా డేటా చదువుతుంటే రోజంతా ఏ ఇబ్బందీ లేదు. ఆగి ఆగి చదివితే మాత్రం ఎప్పుడో ఒకప్పుడు డీ స్టేట్‌లోకి (సిగ్నల్‌కీ లేవని నిద్ర) వెళ్లి అక్కడే ఉండిపోతోంది. కిల్ మైనస్ 9కి కూడా చలించదు. రీబూట్ తప్ప దారి లేదు.

డీమెసేజ్‌లో (కెర్నల్ లాగ్) రెండు టాస్కుల మీద హంగ్ టాస్క్ హెచ్చరిక వస్తోంది. ఎవరు ఎవరిని పిలిచారో ఆ వరుసలో రాస్తున్నాను:

యాప్: ఐఓసీటీఎల్ → హబ్_రీడ్ → పీఎం_రన్‌టైమ్_రిజ్యూమ్_అండ్_గెట్ → ఆర్‌పీఎం_రిజ్యూమ్ → షెడ్యూల్

కేవర్కర్ (పీఎం వర్క్‌క్యూలోని పనులు నడిపే కెర్నల్ థ్రెడ్): పీఎం_రన్‌టైమ్_వర్క్ → ఆర్‌పీఎం_సస్పెండ్ → హబ్_రన్‌టైమ్_సస్పెండ్ → మ్యూటెక్స్_లాక్ → షెడ్యూల్

డ్రైవర్‌లో ఒకే మ్యూటెక్స్ (ఒకసారికి ఒక్క థ్రెడ్‌కే దొరికే లాక్) ఉంది. రీడ్ దారిలో ముందు మ్యూటెక్స్ పట్టుకుంటాను, తర్వాత గెట్ (వాడకం కౌంట్ పెంచి డివైస్‌ని లేపడం), ఐ2సీ ట్రాన్స్‌ఫర్, పుట్_ఆటోసస్పెండ్ (కౌంట్ తగ్గించడం), చివర్లో అన్‌లాక్. రన్‌టైమ్ సస్పెండ్‌లో అదే మ్యూటెక్స్ పట్టుకుని కాన్ఫిగరేషన్ రిజిస్టర్లు సేవ్ చేసి రెగ్యులేటర్ ఆపుతాను. రిజ్యూమ్‌లో లాక్ లేదు, రెగ్యులేటర్ వేసి రిజిస్టర్లు తిరిగి రాస్తుందంతే.

నాకు అంతుపట్టనిది ఏమిటంటే, లాక్‌ల వరుస తప్పితే పట్టుకునే కెర్నల్ చెకర్ లాక్‌డెప్‌ని నడిపే ప్రూవ్_లాకింగ్ ఆన్‌లో ఉంది. లాక్‌డెప్ ఒక్క ముక్క కూడా అనలేదు. డెడ్‌లాక్ (ఒకరి కోసం ఒకరు ఎప్పటికీ ఆగిపోవడం) అయితే అది అరవాలి కదా?

సెమాఫోర్_సుబ్బు

ఆ రెండు ట్రేస్‌లూ పక్కపక్కన పెట్టుకుని చదవండి, జవాబు అక్కడే ఉంది. యాప్ చేతిలో మ్యూటెక్స్ ఉంది, సస్పెండ్ పూర్తవ్వాలని కూర్చుంది. కేవర్కర్ సస్పెండ్ మధ్యలో ఉంది, మ్యూటెక్స్ కావాలని కూర్చుంది. అచ్చమైన ఏబీబీఏ: ఒకరు ఏ పట్టుకుని బీ అడుగుతారు, ఇంకొకరు బీ పట్టుకుని ఏ అడుగుతారు. లాక్‌కి బయట గెట్ పెట్టండి, పోతుంది.

కర్నూలు_కెర్నల్

సుబ్బు గారూ, అది అర్థమైంది. ఏబీబీఏ అయితే రెండో లాక్ ఏది? గెట్ అనేది లాక్ కాదు కదా, కౌంటర్ పెంచడమే కదా?

స్వప్న_ఎంబెడెడ్

అసలు ప్రశ్న ఇదే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

పీఎం కోర్ ప్రతి డివైస్‌కీ నాలుగు స్థితులు నడుపుతుంది: యాక్టివ్, సస్పెండింగ్, సస్పెండెడ్, రిజ్యూమింగ్. ఈ స్థితిని కాపాడేది డివైస్‌లోని పవర్.లాక్ అనే స్పిన్‌లాక్ (నిద్రపోకుండా తిరుగుతూ ఎదురుచూసే లాక్). కానీ మీ కాల్‌బ్యాక్ (కోర్ పిలిచే మీ సస్పెండ్ లేదా రిజ్యూమ్ ఫంక్షన్) నిద్రపోవచ్చు కాబట్టి, కాల్‌బ్యాక్ పిలిచే ముందు కోర్ ఆ స్పిన్‌లాక్ వదిలేస్తుంది. అది నడుస్తున్నంతసేపూ చేతిలో ఏ లాకూ ఉండదు, స్థితి మాత్రం "సస్పెండింగ్" అని రాసి ఉంటుంది. ఆ సమయంలో ఇంకో థ్రెడ్ వచ్చి సింక్రనస్‌గా రిజ్యూమ్ అడిగితే, ఆర్‌పీఎం_రిజ్యూమ్ ఆ స్థితిని చూసి డివైస్‌లోని వెయిట్ క్యూలో చేరి నిద్రపోతుంది. స్థితి మారినప్పుడే లేస్తుంది.

అంటే చూడటానికి కౌంటర్ అయినా, ఆ రెండు మధ్యస్థ స్థితులు నడిచేంతసేపూ అది లాక్ లాగే ప్రవర్తిస్తుంది. కాల్‌బ్యాక్ నడుపుతున్న థ్రెడ్ దాని యజమాని, మిగతా అందరూ ఎదురుచూసేవాళ్లు. యజమాని ఎవరో లాక్‌డెప్‌కి చెప్పేవాళ్లు లేరు. 2006లో 2.6.18తో వచ్చినప్పటి నుంచి లాక్‌డెప్ చూసేది మ్యూటెక్స్, స్పిన్‌లాక్ లాంటివాటినే: ఎవరు పట్టుకున్నారు, ఎవరు వదిలారు, ఏది పట్టుకుని ఏది అడిగారు. వెయిట్ క్యూలో "పట్టుకోవడం" అనే ఘటనే లేదు. ఎవరైనా వచ్చి లేపొచ్చు.

కంప్లీషన్ల (పని ముగిసిందని ఇంకో థ్రెడ్ చెప్పేదాకా ఆగే పద్ధతి) లాంటివాటిని కూడా పట్టడానికి క్రాస్‌రిలీజ్ అనే ప్రయత్నం జరిగింది. 4.14లో వచ్చింది, తప్పుడు అలారాలు ఎక్కువై 4.15లోనే తీసేశారు.

మీ రిజ్యూమ్ కాల్‌బ్యాక్ కూడా అదే మ్యూటెక్స్ అడిగి ఉంటే మొదటి రోజే దొరికిపోయేది. గెట్ పిలిచిన థ్రెడ్‌లోనే రిజ్యూమ్ నడుస్తుంది కాబట్టి, ఒకే థ్రెడ్ ఒకే లాక్‌ని రెండుసార్లు అడిగినట్టు లాక్‌డెప్‌కి కళ్లెదుటే కనిపిస్తుంది. మీకేమో లాక్ సస్పెండ్‌లోనే ఉంది, ఆటోసస్పెండ్ ఎప్పుడూ కేవర్కర్‌లో నడుస్తుంది. రెండు థ్రెడ్లు, మధ్యలో వెయిట్ క్యూ. లాక్‌డెప్‌లో బగ్ లేదు, దాని చూపు అంతవరకు రాదు.

కర్నూలు_కెర్నల్

ఇప్పుడు వెలిగింది, థాంక్స్ స్వప్న గారూ. యాప్ ఆపకుండా చదివితే ఎందుకు రావట్లేదో కూడా తెలిసింది. డివైస్ సస్పెండింగ్‌లోకి వెళ్లే అవకాశమే ఉండదు.

ఓబులేసు_64

ఇంత గొడవెందుకు భయ్యా. పీఎం_రన్‌టైమ్_ఐఆర్‌క్యూ_సేఫ్ పెట్టేసి మ్యూటెక్స్ బదులు స్పిన్‌లాక్ వాడు. కాల్‌బ్యాక్‌లు వెంటనే అయిపోతాయి, వెయిటింగే ఉండదు.

గోదారి_గట్టు

ఓబులేసు అన్నా, వద్దు. ఐఆర్‌క్యూ సేఫ్ పెడితే కోర్ కాల్‌బ్యాక్‌ని ఇంటరప్టులు ఆపి పిలుస్తుంది. ఐ2సీ ట్రాన్స్‌ఫర్ నిద్రపోతుంది, రెగ్యులేటర్ కాల్ నిద్రపోతుంది, అక్కడే కథ ముగిసిపోయింది. నిద్రపోని డివైస్ అనుకున్నా డెడ్‌లాక్ పోదు. ఐఆర్‌క్యూ సేఫ్ డివైస్‌కి ఆర్‌పీఎం_రిజ్యూమ్ వెయిట్ క్యూలో పడుకోదు, సీపీయూ_రిలాక్స్ అంటూ లూప్‌లో తిరుగుతుంది. స్పిన్‌లాక్ పట్టుకుని అందులో తిరిగితే అవతల సస్పెండ్ కాల్‌బ్యాక్ కూడా అదే స్పిన్‌లాక్ మీద తిరుగుతుంది. ఇప్పుడు రెండు టాస్కులు ఆగుతున్నాయి, అప్పుడు రెండు కోర్లే పోతాయి.

ఇంకో చిక్కు ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. ఐఆర్‌క్యూ సేఫ్ అని చెప్పిన డివైస్‌కి పేరెంట్‌ని కోర్ శాశ్వతంగా మేల్కొలిపే ఉంచుతుంది. ఇంటరప్టులు ఆపిన చోట పేరెంట్‌ని లేపలేదు కాబట్టి. ఈ ఒక్క సెన్సర్ కోసం దాని పైనున్న ఐ2సీ కంట్రోలర్ ఎప్పటికీ పడుకోదు.

ఓబులేసు_64

సరే, వెనక్కి తీసుకున్నా. పేరెంట్ సంగతి తెలియదు.

సెమాఫోర్_సుబ్బు

మళ్లీ పాయింట్‌కి వస్తే, వరుస ఇలా ఉండాలి: గెట్, లాక్, పని, అన్‌లాక్, పుట్. గెట్ బయట ఉంటే ఏం జరుగుతుందో చూడండి. సస్పెండ్ మధ్యలో వచ్చినా చేతిలో ఏమీ లేకుండా ఎదురుచూస్తాం. కేవర్కర్ తన లాక్ తీసుకుంటుంది, పని ముగిస్తుంది, స్థితి సస్పెండెడ్ అవుతుంది. మనం లేచి రిజ్యూమ్ చేస్తాం. అప్పటికి కౌంట్ ఒకటి మన పేరున ఉంది కాబట్టి ఇక సస్పెండ్ మొదలవ్వదు.

పుట్ విషయంలో కొంత వెసులుబాటు ఉంది. పుట్_ఆటోసస్పెండ్ టైమర్ పెట్టి వచ్చేస్తుంది, లాక్ లోపల పిలిచినా ప్రాణం పోదు. కానీ పుట్_సింక్ లాక్ లోపల పిలిస్తే సస్పెండ్ కాల్‌బ్యాక్ మీ థ్రెడ్‌లోనే నడిచి మీ లాక్‌నే అడుగుతుంది. దాన్ని మాత్రం లాక్‌డెప్ పట్టేస్తుంది లెండి.

పీఎం_రన్‌టైమ్_డిజేబుల్ కూడా ఎదురుచూసేదే. నడుస్తున్న కాల్‌బ్యాక్ పూర్తయ్యేదాకా ఆగుతుంది, పెండింగ్ వర్క్‌ని క్యాన్సిల్ చేస్తుంది. రిమూవ్ ఫంక్షన్‌లో మ్యూటెక్స్ పట్టుకుని డిజేబుల్ పిలిస్తే ఇదే బొమ్మ మళ్లీ. డ్రైవర్ అన్‌లోడ్ చేసేటప్పుడు వేలాడుతోందంటూ వచ్చే ఫిర్యాదుల్లో ముందు ఇదే చూస్తాను.

స్వప్న_ఎంబెడెడ్

సుబ్బు గారి వరుస సరైనదే. కానీ దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకోటి ఉంది. రన్‌టైమ్ సస్పెండ్‌లో ఆ లాక్ అసలెందుకు?

హార్డ్‌వేర్‌ని తాకే ప్రతి దారీ గెట్ తీసుకునే తాకుతుంటే, కౌంట్ సున్నా అయినప్పుడే సస్పెండ్ మొదలవుతుంది. అంటే ఆ క్షణంలో రిజిస్టర్లను తాకేవాళ్లు ఎవరూ లేరు. ఒకే డివైస్‌కి సస్పెండ్, రిజ్యూమ్ కాల్‌బ్యాక్‌లు ఒకేసారి నడవకుండా కోర్ చూసుకుంటుంది. మీరు మ్యూటెక్స్‌తో కాపాడాలనుకుంటున్నదాన్ని కౌంట్ ఇప్పటికే కాపాడుతోంది. లాక్ తీసేస్తే ఏబీబీఏలో బీ ఉండదు.

లాక్ తీసేయడానికి భయమేస్తోందంటే, గెట్ లేకుండా హార్డ్‌వేర్‌ని తాకే దారి ఎక్కడో ఉందని అర్థం. అది వేరే బగ్. సస్పెండ్‌లో లాక్ పెట్టి దాన్ని కప్పిపుచ్చితే, పవర్ లేని చిప్ మీద ఐ2సీ ట్రాన్స్‌ఫర్ పంపి ఎర్రర్ చూస్తారు. లాక్ ఉన్నా ఆ ఎర్రర్ రాక మానదు, ఎందుకంటే సస్పెండ్ అయ్యాక లాక్ ఖాళీగానే ఉంటుంది.

ఒక మినహాయింపు: హార్డ్‌వేర్‌ని లేపకుండా మెమరీలోని కాన్ఫిగరేషన్ కాపీని మాత్రమే మార్చే సిస్‌ఎఫ్ఎస్ (డ్రైవర్ సెట్టింగులను ఫైళ్లుగా చూపే చోటు) ఫైళ్లు ఉంటే, ఆ కాపీకి వేరే చిన్న లాక్ పెట్టండి. ఆ లాక్ పట్టుకుని ఎక్కడా గెట్ పిలవకూడదు.

కర్నూలు_కెర్నల్

నా దాంట్లో సరిగ్గా అలాంటి సిస్‌ఎఫ్ఎస్ ఫైల్ ఉంది, శాంప్లింగ్ రేటుది. దానికోసమే సస్పెండ్‌లో లాక్ పెట్టాను.

ఇంకో సందేహం. హబ్‌కి థ్రెడెడ్ ఐఆర్‌క్యూ (పనిని థ్రెడ్‌లో నడిపే ఇంటరప్ట్) ఉంది. థ్రెడ్ హ్యాండ్లర్‌లో గెట్ పిలుస్తాను, రన్‌టైమ్ సస్పెండ్‌లో డిజేబుల్_ఐఆర్‌క్యూ పిలుస్తాను. ఇదీ ప్రమాదమేనా?

నిద్రలేని_సీపీయూ

ప్రమాదమే. డిజేబుల్_ఐఆర్‌క్యూ ఉత్తినే లైన్ మూసి రాదు, నడుస్తున్న హ్యాండ్లర్ ముగిసేదాకా ఆగుతుంది, థ్రెడ్ హ్యాండ్లర్‌తో సహా. సస్పెండ్ హ్యాండ్లర్ కోసం ఆగుతుంది, హ్యాండ్లర్ గెట్‌లో సస్పెండ్ కోసం ఆగుతుంది. ఇందులో మ్యూటెక్స్ ఒక్కటీ లేదు, లాక్‌డెప్‌కి అసలేమీ కనపడదు.

ఈ ఆకారం గ్రాఫిక్స్ డ్రైవర్లలో పెద్ద ఎత్తున బయటపడింది. రెండు జీపీయూలుండే ల్యాప్‌టాప్‌లలో వాడకం లేని జీపీయూని రన్‌టైమ్ పీఎం ఆపేస్తుంది. మానిటర్ తగిలించారా లేదా అని చూడటానికి డీఆర్ఎంలో (కెర్నల్ గ్రాఫిక్స్ సబ్‌సిస్టమ్) 10 సెకన్లకోసారి నడిచే పోల్ వర్కర్ ఒకటి ఉంది. రన్‌టైమ్ సస్పెండ్ కాల్‌బ్యాక్ ఆ పోలింగ్‌ని ఆపడానికి క్యాన్సిల్_డిలేడ్_వర్క్_సింక్ పిలుస్తుంది, అంటే వర్కర్ ముగిసేదాకా ఆగుతుంది. వర్కర్ ఏమో కనెక్టర్ డిటెక్ట్‌లో పీఎం_రన్‌టైమ్_గెట్_సింక్ పిలిచేది. నూవో, రేడియాన్, ఏఎండీజీపీయూ, మూడు డ్రైవర్లలోనూ ఇది ఉండేది.

2018 ఆరంభంలో కెర్నల్ డెవలపర్ లూకస్ వున్నర్ దీనికి పెట్టిన పరిష్కారం నాకు నచ్చింది. లాక్‌లు కలపలేదు, ఫ్లాగులు పెట్టలేదు. ప్రస్తుత టాస్క్ ఏ వర్క్‌ని నడుపుతోందో చెప్పే చిన్న ఫంక్షన్‌ని వర్క్‌క్యూ కోడ్‌లో చేర్చారు. దాన్నిబట్టి డిటెక్ట్ ఫంక్షన్ "నేను పోల్ వర్కర్‌లోంచి వచ్చానా" అని అడుగుతుంది. అవునంటే గెట్ తీసుకోదు. జీపీయూ మేల్కొని ఉన్నప్పుడే పోలింగ్ నడుస్తుంది, సస్పెండ్ కూడా వర్కర్ ముగిసేదాకా ఆగుతుంది కాబట్టి, వర్కర్ నడిచేంతసేపూ పవర్ ఉన్నట్టే. యూజర్ అడిగిన డిటెక్ట్ అయితే మామూలుగా గెట్ తీసుకుంటుంది.

మీ హ్యాండ్లర్‌లో గెట్_సింక్ బదులు పీఎం_రన్‌టైమ్_గెట్_ఇఫ్_యాక్టివ్ వాడండి. అది ఎదురుచూడదు. డివైస్ మేల్కొని ఉంటే కౌంట్ పెంచి 1 ఇస్తుంది, సస్పెండ్ దారిలో ఉంటే 0 ఇస్తుంది. 0 వస్తే హ్యాండ్లర్ హార్డ్‌వేర్‌ని తాకకుండా వెనక్కి వచ్చేయాలి. సస్పెండ్‌లో ముందు చిప్ వైపు ఇంటరప్ట్ మాస్క్ చేసి తర్వాత డిజేబుల్_ఐఆర్‌క్యూ పిలవండి. లేకపోతే లెవెల్ ఇంటరప్ట్ అయితే హ్యాండ్లర్ ఊరికే వచ్చిపోతూ ఉంటుంది.

ఓబులేసు_64

డిజేబుల్_ఐఆర్‌క్యూ_నోసింక్ పెడితే?

నిద్రలేని_సీపీయూ

డెడ్‌లాక్ పోతుంది. హ్యాండ్లర్ ఇంకా రిజిస్టర్ చదువుతుండగానే రెగ్యులేటర్ ఆగిపోయే అవకాశం వస్తుంది. గెట్_ఇఫ్_యాక్టివ్‌తో కలిపితే పర్లేదు, ఒక్కటే అయితే వద్దు.

గోదారి_గట్టు

"గెట్ ఎప్పుడూ లాక్ బయటే" అనే సూత్రం ఒక డ్రైవర్ లోపల బాగానే ఉంటుంది. రెండు సబ్‌సిస్టమ్‌లు కలిసే చోట అంత తేలిక కాదు. చిప్‌లలోని క్లాక్ సిగ్నళ్లను నడిపే క్లాక్ ఫ్రేమ్‌వర్క్ చూడండి.

క్లాక్‌లో ప్రిపేర్_లాక్ అని మొత్తం సిస్టమ్‌కి ఒకటే మ్యూటెక్స్. క్లాక్ ఇచ్చే ప్రొవైడర్ కూడా ఒక డివైసే, దానికీ రన్‌టైమ్ పీఎం ఉండొచ్చు. కాబట్టి క్లాక్ కోర్ ప్రిపేర్_లాక్ పట్టుకుని ప్రొవైడర్‌ని లేపుతుంది. ఇటువైపు చాలా డ్రైవర్ల రన్‌టైమ్ కాల్‌బ్యాక్‌లలో క్లాక్_ప్రిపేర్ లేదా అన్‌ప్రిపేర్ ఉంటుంది, అంటే కాల్‌బ్యాక్ మధ్యలో ప్రిపేర్_లాక్ అడుగుతుంది. కర్నూలు గారి డ్రైవర్‌లో ఉన్న బొమ్మే, మొత్తం మెషీన్ సైజులో.

2024లో 6.9 సమయంలో ఇది నిజంగానే బయటపడింది. బూట్ చివర్లో ఎవరూ వాడని క్లాక్‌లను ఆపే క్లాక్_డిజేబుల్_అన్‌యూజ్డ్ అనే పని ఉంటుంది. అది ప్రిపేర్_లాక్ పట్టుకుని క్లాక్ చెట్టంతా నడుస్తూ ఒక్కో ప్రొవైడర్‌ని లేపుతోంది. సరిగ్గా అప్పుడే ఇంకో థ్రెడ్‌లో అలాంటి ప్రొవైడర్ డివైస్ పవర్ స్థితి మారుతూ మధ్యలో ప్రిపేర్_లాక్ కోసం ఆగింది. బూట్ అక్కడితో ఆగిపోయింది. పెట్టిన పరిష్కారం ఇది: రన్‌టైమ్ పీఎం ఉన్న ప్రొవైడర్ల జాబితా ఒకటి విడిగా ఉంచారు. చెట్టు నడవబోయే ముందే, ప్రిపేర్_లాక్ లేకుండా, అందరినీ లేపేస్తారు. ఆ తర్వాతే లాక్. డీబగ్‌ఎఫ్ఎస్‌లో క్లాక్ సమ్మరీ చదివే దారికీ అదే చేశారు.

సూత్రం మారలేదు, గెట్ బయటికే వచ్చింది. కానీ దానికోసం ఎవరెవరిని లేపాలో ముందే తెలుసుకునే జాబితా కట్టాల్సి వచ్చింది. పడుకున్న ప్రొవైడర్లన్నీ కాసేపు ఊరికే లేస్తాయి, ఆ ఖర్చు ఉంది. బూట్‌లో ఒకసారి, డీబగ్ ఫైల్ చదివినప్పుడు ఇంకోసారి అంటే ఎవరికీ బరువు కాదు.

పాత_బస్తీ_పింగ్

చాలాకాలంగా ఈ థ్రెడ్లు చదువుతుంటాను, మొదటిసారి రాస్తున్నా. సస్పెండ్ కాల్‌బ్యాక్‌లో మ్యూటెక్స్_ట్రైలాక్ పెట్టి, దొరక్కపోతే మైనస్ ఈబిజీ (ఇప్పుడు తీరిక లేదనే ఎర్రర్) ఇచ్చేస్తే సరిపోదా? లైన్లు తక్కువ, ఎవరి వరుసా మార్చక్కర్లేదు.

సెమాఫోర్_సుబ్బు

పనిచేస్తుంది, కానీ నాకు నచ్చదు. తర్వాత కోడ్ చదివేవాడికి అక్కడ ట్రైలాక్ ఎందుకుందో తెలియదు, మామూలు లాక్‌గా మార్చేస్తాడు.

స్వప్న_ఎంబెడెడ్

కామెంట్ రాస్తే తెలుస్తుంది కదా సుబ్బు గారూ :) పింగ్ గారి ఆలోచన తీసిపారేయదగ్గది కాదు. ఈబిజీ, ఈఅగైన్ రెండింటినీ కోర్ లోపంగా చూడదు. స్థితిని తిరిగి యాక్టివ్ చేసి ఎదురుచూసేవాళ్లను లేపుతుంది. యాప్ లేచి "ఓ, మేల్కొనే ఉంది" అని ముందుకెళ్తుంది. ఇంకే ఎర్రర్ ఇచ్చినా రన్‌టైమ్_ఎర్రర్‌లో నమోదై, దాన్ని సరిచేసేదాకా ఆ డివైస్‌కి రన్‌టైమ్ పీఎం ఆగిపోతుంది. ఆ పొరపాటు చేయొద్దు.

చూసుకోవాల్సింది ఒకటే. ఈబిజీ ఇచ్చాక మళ్లీ ఎప్పుడు ప్రయత్నిస్తుంది? ఆటోసస్పెండ్‌లో లాస్ట్_బిజీ సమయం ఈలోపు ముందుకు జరిగి ఉంటే కోర్ తనే మళ్లీ టైమర్ పెడుతుంది. జరగకపోతే పెట్టదు. లాక్ పట్టుకున్నది గెట్ తీసుకున్న దారి అయితే దాని పుట్ టైమర్ పెడుతుంది, సమస్య లేదు. లాక్ పట్టుకున్నది శాంప్లింగ్ రేటు మార్చే ఆ సిస్‌ఎఫ్ఎస్ ఫైల్ అయితే, దానికి గెట్ లేదు, పుట్ లేదు. డివైస్ తర్వాతి రీడ్ వచ్చేదాకా ఆన్‌లోనే ఉండిపోతుంది. బ్యాటరీ ఎందుకు తగ్గుతోందని వెతుక్కుంటూ కూర్చుంటారు.

కర్నూలు_కెర్నల్

అయితే ట్రైలాక్ వద్దు. లాక్‌ని రెండుగా విడగొడతాను: హార్డ్‌వేర్‌కి ఒకటి, కాపీకి ఒకటి.

నాకు ఈ హ్యాంగ్ కావాలనుకున్నప్పుడు రావట్లేదు. మార్చాక పోయిందో లేదో ఎలా తేల్చుకోవాలి?

గోదారి_గట్టు

సిస్‌ఎఫ్ఎస్‌లో ఆ డివైస్ పవర్ డైరెక్టరీలో ఆటోసస్పెండ్_డిలే_ఎంఎస్‌ని 0 చేయండి. తర్వాత రన్‌టైమ్ సస్పెండ్ కాల్‌బ్యాక్‌లో లాక్ అడిగే లైన్‌కి ముందు తాత్కాలికంగా ఎంస్లీప్ 50 (50 మిల్లీసెకన్ల నిద్ర) పెట్టండి. సస్పెండింగ్ స్థితి అంతసేపు తెరిచి ఉంటుంది. రీడ్‌ని రెండు థ్రెడ్ల నుంచి చిన్న చిన్న విరామాలతో నడపండి. పాత కోడ్‌తో టీ తాగి వచ్చేలోపు హ్యాంగ్ రావాలి. పాత కోడ్‌తో రప్పించలేకపోతే, కొత్త కోడ్‌తో రాలేదన్న మాటకు విలువ లేదు.

ఆగిపోయాక హంగ్ టాస్క్ హెచ్చరిక కోసం 120 సెకన్లు కూర్చోనక్కర్లేదు. సిస్‌ఆర్‌క్యూ ట్రిగ్గర్‌లోకి డబ్ల్యూ అని రాస్తే డీ స్టేట్‌లో ఉన్న టాస్కుల స్టాక్‌లు వస్తాయి. డీ అని రాస్తే ఎవరి చేతిలో ఏ లాక్ ఉందో వస్తుంది, దానికి లాక్‌డెప్ ఆన్‌లో ఉండాలి. రన్‌టైమ్_స్టేటస్ ఫైల్ చదివితే "సస్పెండింగ్" అని నిలిచిపోయి కనిపిస్తుంది. ట్రేస్‌ఎఫ్ఎస్‌లో ఆర్‌పీఎం ఈవెంట్లు ఆన్ చేసి పెట్టుకుంటే ఎవరు ముందొచ్చారో కూడా తెలుస్తుంది.

టెస్ట్‌లో ఇంకోటి కలపండి. పవర్ డైరెక్టరీలో కంట్రోల్ ఫైల్‌లోకి ఆన్, ఆటో అని మార్చి మార్చి రాసే చిన్న స్క్రిప్ట్. ఆన్ అని రాస్తే కోర్ డివైస్_లాక్ పట్టుకుని అక్కడికక్కడే రిజ్యూమ్ చేస్తుంది. అందుకే రన్‌టైమ్ కాల్‌బ్యాక్‌లో డివైస్_లాక్ అడగకూడదు. అడిగే డ్రైవర్లు ఈ స్క్రిప్ట్‌తో వెంటనే దొరుకుతాయి.

పాత_బస్తీ_పింగ్

ఇంకో ప్రశ్న, థ్రెడ్‌కి కాస్త పక్కది. యూఎస్‌బీ డిస్క్ మీద స్వాప్ పెట్టుకున్న బోర్డుల్లో, మెమరీ తక్కువైనప్పుడు రిజ్యూమ్ మధ్యలో ఆగిపోయే ప్రమాదం ఉందని ఎక్కడో చదివాను. అందులో లాక్ ఎక్కడుంది?

స్వప్న_ఎంబెడెడ్

మంచి ప్రశ్న. అక్కడ లాక్ మెమరీయే. రిజ్యూమ్ కాల్‌బ్యాక్‌లో జీఎఫ్‌పీ_కెర్నల్‌తో (చోటు కోసం డిస్క్‌కి రాయడానికీ అనుమతిచ్చే మామూలు పద్ధతి) మెమరీ అడిగారనుకోండి. ఖాళీ లేకపోతే కెర్నల్ పేజీలను స్వాప్‌కి రాసి చోటు చేయాలి. స్వాప్ ఉన్నది ఇంకా రిజ్యూమ్ అవుతున్న ఆ డిస్క్ మీదే. తాళంచెవి లోపల పెట్టి తలుపు వేసుకున్నట్టే. మీ డ్రైవర్ జాగ్రత్తగా, డిస్క్ జోలికి పోని జీఎఫ్‌పీ_నోఐఓ వాడినా సరిపోదు, దాని పైన యూఎస్‌బీ హబ్, హోస్ట్ కంట్రోలర్ ఇలా పేరెంట్లందరూ లేవాలి, వాళ్ల కోడ్‌లో ఎక్కడ మెమరీ అడుగుతారో మీ చేతిలో లేదు.

2013లో 3.9లో పీఎం_రన్‌టైమ్_సెట్_మెమాలాక్_నోఐఓ వచ్చింది. బ్లాక్ డివైస్, నెట్‌వర్క్ డివైస్ నమోదైనప్పుడు దాని పూర్వీకులందరికీ ఒక గుర్తు పడుతుంది. అలాంటి డివైస్ రన్‌టైమ్ కాల్‌బ్యాక్‌ని పిలిచే ముందు కోర్ ఆ టాస్క్ మీద నోఐఓ ఫ్లాగ్ పెడుతుంది. లోపల ఎవరు జీఎఫ్‌పీ_కెర్నల్ అని అడిగినా అది నోఐఓగా మారిపోతుంది. నెట్‌వర్క్ ఎందుకంటే, డిస్క్ నెట్‌వర్క్ అవతల ఐస్కసీలో ఉండొచ్చు.

కర్నూలు_కెర్నల్

మొత్తం సిస్టమ్ సస్పెండ్ అయ్యేటప్పుడు ఇవే నియమాలా? నా సస్పెండ్ కాల్‌బ్యాక్‌లో పీఎం_రన్‌టైమ్_ఫోర్స్_సస్పెండ్ పిలుస్తున్నాను.

నిద్రలేని_సీపీయూ

కొన్ని మారతాయి. కౌంట్ సున్నా కాకపోయినా సిస్టమ్ సస్పెండ్ మీ దగ్గరికి వస్తుంది, కాబట్టి "కౌంటే కాపాడుతుంది" అన్న స్వప్న గారి వాదన అక్కడ వర్తించదు. యూజర్ ప్రాసెస్‌లు అప్పటికే ఫ్రీజ్ అయి ఉంటాయి కానీ మీ ఐఆర్‌క్యూ థ్రెడ్, ఫ్రీజ్ కాని వర్క్‌క్యూలు నడుస్తూనే ఉంటాయి. ముందు వాటిని ఆపండి, అదీ ఏ లాకూ పట్టుకోకుండా, ఆ తర్వాత ఫోర్స్_సస్పెండ్. ఫోర్స్_సస్పెండ్ లోపల డిజేబుల్ ఉంది, సుబ్బు గారు చెప్పిన హెచ్చరిక దానికీ వర్తిస్తుంది.

ఇంకో ఉచ్చు ఉంది. అసింక్రనస్ గెట్ అడిగి, అది జరిగేదాకా మీరే ఒక కంప్లీషన్ మీద ఆగే కోడ్ ఉంటే సిస్టమ్ సస్పెండ్‌లో చిక్కుతుంది. అసింక్ అభ్యర్థనలు నడిచే పీఎం వర్క్‌క్యూని చాలాకాలంగా ఫ్రీజబుల్‌గానే పెట్టారు. సిస్టమ్ పడుకునే సమయంలో అది కదలదు, మీ కంప్లీషన్ రాదు. మీ కెర్నల్ వర్షన్‌లో ఎలా ఉందో సోర్స్‌లో చూసుకోండి.

టెస్ట్‌కి సిస్/పవర్/పీఎం_టెస్ట్‌లో డివైసెస్ అని రాసి సస్పెండ్ చేయండి. డివైస్‌లన్నీ పడుకుని, 5 సెకన్లాగి లేస్తాయి, మెషీన్ నిజంగా ఆగదు. నో_కన్సోల్_సస్పెండ్ పెట్టుకోండి. డీపీఎం_వాచ్‌డాగ్ ఆన్ చేస్తే, ఏదైనా డ్రైవర్ కాల్‌బ్యాక్ గడువులోపు తిరిగి రాకపోతే దాని స్టాక్ ప్రింట్ చేసి పానిక్ అవుతుంది. డిఫాల్ట్ గడువు 120 సెకన్లు, డెవలప్‌మెంట్‌లో తగ్గించుకోండి.

కర్నూలు_కెర్నల్

అప్‌డేట్. ఎంస్లీప్ 50తో పాత కోడ్ నిమిషాల్లోనే ఆగిపోయింది, ట్రేస్‌లు అచ్చం పైన పెట్టినవే. ఇప్పుడు రన్‌టైమ్ సస్పెండ్‌లో హార్డ్‌వేర్ లాక్ లేదు. శాంప్లింగ్ రేటు కాపీకి చిన్న మ్యూటెక్స్ వేరుగా ఉంది, దాని కింద గెట్ ఎక్కడా లేదు. రీడ్ దారుల్లో గెట్ బయటికి వచ్చింది. ఐఆర్‌క్యూ హ్యాండ్లర్‌లో గెట్_ఇఫ్_యాక్టివ్. అదే ఎంస్లీప్‌తో, కంట్రోల్ ఫైల్ స్క్రిప్ట్‌తో రాత్రంతా నడిచింది.

రెండు థ్రెడ్ల ట్రేస్‌నీ కమిట్ మెసేజ్‌లో పెడదామనుకుంటున్నా. అన్నీ కలిపి ఒకే ప్యాచ్‌గా పంపనా?

సెమాఫోర్_సుబ్బు

వద్దు. లాక్ విభజన, గెట్ బయటికి తేవడం కలిపి ఒక ప్యాచ్, ఐఆర్‌క్యూది ఇంకోటి. రెండూ వేర్వేరు డెడ్‌లాక్‌లు, రెండో దానికి మీ దగ్గర ట్రేస్ కూడా లేదు. ట్రేస్‌లో ముఖ్యమైన లైన్లే ఉంచండి, టైమ్‌స్టాంపులు, రిజిస్టర్ డంప్ తీసేయండి. డ్రైవర్ ఇంకా మెయిన్‌లైన్‌లోకి రాలేదు కదా, అయితే ఫిక్సెస్ ట్యాగ్ (ఏ పాత కమిట్‌ని సరిచేస్తుందో చెప్పే లైన్) అక్కర్లేదు.

ఒకటి అడగాలి. రీడ్ దారిలో రిజ్యూమ్_అండ్_గెట్ విఫలమైతే నేరుగా రిటర్న్ అవుతున్నారా, లేక పుట్ ఉన్న లేబుల్‌కి దూకుతున్నారా? అది విఫలమైనప్పుడు కౌంట్‌ని తనే తగ్గించేసుకుంటుంది. గెట్_సింక్ అలా తగ్గించదు. పాత కోడ్‌లో గెట్_సింక్ ఉండి మార్చి ఉంటే పుట్ రెండుసార్లు అవుతుంది.

కర్నూలు_కెర్నల్

నేరుగా రిటర్నే. కానీ ప్రోబ్‌లో (డివైస్ దొరికినప్పుడు నడిచే ఫంక్షన్) ఒకచోట ఇంకా గెట్_సింక్ ఉంది, ఎర్రర్ దారిలో పుట్ లేదు. దాన్ని మూడో ప్యాచ్‌గా పెడతాను.